స్కూలు కిలోమీటరే, అయినా పిల్లని సైకిల్ మీద పంపాలంటే భయం

సందడి_అమ్మ
మా పెద్దదానికి పదేళ్లు నిండాయి. స్కూలు ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. క్లాసులో ఇద్దరు ముగ్గురు సైకిల్ మీద వస్తున్నారు, నేనూ వెళ్తానని ఒకటే గొడవ. ఖాళీ రోడ్డు మీద బాగానే తొక్కుతుంది. స్కూలు గేటు ముందున్న ఆ చివరి ముక్క చూస్తేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. బెల్లు కొట్టే ముందు కార్లు, స్కూటర్లు, వ్యాన్లు అన్నీ గేటు మీదే పడతాయి. ఒకాయన రివర్స్ తీస్తుంటాడు, ఒకావిడ ధడాలున డోరు తీస్తుంది, వెనక వ్యాను ఆగకుండా హారన్ కొడుతుంటుంది. ఇంకో రెండేళ్లు ఆగుదాం అంటారు మా ఆయన. దీని పోరు పడలేక అడుగుతున్నా. మీరు ఏ వయసులో ఒంటరిగా పంపారు? ఏం నేర్పి పంపారు? స్కూలు వాళ్లతో మాట్లాడితే పని జరుగుతుందా, లేక "చూద్దామండీ" అని పంపించేస్తారా?

లక్కీ_డాడీ
కిలోమీటరుకి ఇంత టెన్షనా? మేం చిన్నప్పుడు అంతకు మూడింతలు నడిచేవాళ్లం, వెంట ఎవరూ వచ్చేవాళ్లు కాదు. పంపండి, నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది.

గోడమీద_పిల్లి
"మేం చిన్నప్పుడు" ఇంకా రాలేదేంటా అని చూస్తున్నా. రెండో పోస్టులోనే వచ్చేసింది.

రెండు_చక్రాలు
లక్కీ డాడీ గారూ, మీరు నడిచిన రోడ్డు మీద అప్పట్లో ఎన్ని కార్లు తిరిగేవి? పిల్లలు మారలేదు, రోడ్డు మారింది. నెదర్లాండ్స్‌ని ఇప్పుడు సైకిళ్ల దేశం అంటాం. 1971లో అదే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3 వేల మందికి పైగా చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న ఒక జర్నలిస్టు రాసిన వ్యాసంతో "పిల్లల హత్యలు ఆపండి" అనే ఉద్యమం పుట్టింది. తల్లిదండ్రులు, పిల్లలు రోడ్ల మీదకొచ్చి కూర్చున్నారు. 1973లో పెట్రోలు కొరత కూడా తోడైంది. ఆ తర్వాతే అక్కడి వీధుల రూపం మారడం మొదలైంది. అలవాటైపోతుందిలే అని వాళ్లూ కూర్చుని ఉంటే ఇప్పటికీ అలాగే ఉండేది.

లక్కీ_డాడీ
అంత పెద్ద ఉద్యమం ఇక్కడ ఎవరు చేస్తారండీ. ఆవిడ అడిగింది పిల్లని పంపాలా వద్దా అని.

గీతా_టీచర్
ఉదయం గేటు దగ్గర డ్యూటీ చేసే టీచర్ని కాబట్టి నేను చూసేది చెప్తాను. గేటు ముందు పిల్లలకి ఉన్న ప్రమాదంలో ఎక్కువ భాగం పిల్లల్ని దింపడానికొచ్చిన బండ్ల వల్లే. రోడ్డున పోయే లారీ కూడా అంత భయపెట్టదు. ప్రతి తల్లీ తండ్రీ తన పిల్ల ఒక్క అడుగు కూడా రోడ్డు మీద వేయకూడదని గేటుకి ఆనించి ఆపుతారు. దాంతో జీబ్రా గీతలు బండ్ల కింద దాక్కుంటాయి, నడిచొచ్చే పిల్ల ఆ బండ్ల మధ్యలోంచి దూరి రావాలి. మొన్న రెండు వ్యాన్ల సందులోంచి ఒక స్కూలు బ్యాగు బయటికొచ్చింది. బ్యాగే కనిపించింది, కింద పిల్లాడు కనిపించలేదు. అటువైపు నుంచి వచ్చే స్కూటరాయనకి ఆ బ్యాగు కూడా కనిపించి ఉండదు.

ఇక వయసు సంగతి. పిల్లలు అటూ ఇటూ చూస్తారు, మనం నేర్పాం కాబట్టి. అయితే ఆ వచ్చే బండి ఎంత వేగంతో వస్తోందో, తను దాటేలోపు మీదికి వచ్చేస్తుందో లేదో లెక్కకట్టడం ఇంకో విద్య. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. నిజం రోడ్డు కాదు, చుట్టూ తెరల మీద రోడ్డు చూపించి దాటమన్నారు. ఆరేళ్ల పిల్లలు నూటికి 8 సార్లు బండికి తగిలారు. పెద్దవాళ్లలా దాటగలిగింది 14 ఏళ్ల పిల్లలే. పదేళ్ల పిల్లని పంపకూడదని నేననడం లేదు. ఎలాంటి రోడ్డు దాటాలో చూసి పంపండి.

నిద్రపోని_నాన్న
14 ఏళ్లా! అప్పటికి మావాడు నాతో మాట్లాడతాడో లేదో.

సందడి_అమ్మ
టీచర్ గారూ, మీరు చెప్పిన ఆ బ్యాగు మాట చదివి ఒళ్లు జలదరించింది. మా రోడ్డు అంత పెద్దదేం కాదు. వెళ్లే దారిలో దాటాల్సింది రెండు చోట్లే. ఒకటి మామూలు సందు. రెండోది గేటు ఎదురుగా.

లక్కీ_డాడీ
నేనూ గేటు ముందే దింపుతా. తప్పేముంది? నాకు ఆఫీసుకి టైమవుతుంది. దూరంగా ఆపి నడిపించుకుని వచ్చే తీరిక ఎవరికుంటుంది?

రోడ్డింజనీర్_72
లక్కీ డాడీ గారి ప్రశ్నకి సమాధానం చెప్తాను, కొంచెం పొడుగవుతుంది. మీకు తీరిక లేదు, నిజమే. ఆ గేటు ముందు ఎవరికీ లేదు. తీరిక లేనివాళ్లను "దయచేసి నెమ్మదిగా వెళ్లండి" అని బోర్డు పెట్టి ఆపలేం. రోడ్డే ఆపాలి.

మొదటిది వేగం. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో ఇచ్చిన లెక్క చూడండి. గంటకు 32 కిలోమీటర్లతో (వాళ్ల 20 మైళ్లు) వెళ్లే కారు, డ్రైవరు ప్రమాదం గమనించిన క్షణం నుంచి పూర్తిగా ఆగడానికి 12 మీటర్లు పోతుంది. 48 కిలోమీటర్ల దగ్గర 23 మీటర్లు. 64 దగ్గర 36 మీటర్లు. అంటే వేగం రెట్టింపైతే ఆగే దూరం మూడింతలు. 32 కిలోమీటర్ల మీద పిల్ల ముందు ఆగిపోయే కారు, 48 మీద అదే చోట ఇంకా గట్టి ఊపులోనే ఉంటుంది. 2011లో లండన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పింది ఏంటంటే, గంటకు 32 కిలోమీటర్లు దాటి వచ్చే బండిని ప్రైమరీ స్కూలు వయసు పిల్లల కళ్లు నమ్మకంగా పసిగట్టలేవు. టీచర్ గారు చెప్పిన దానికి అసలు కారణం ఇదే. వాళ్ల అజాగ్రత్త కాదు, చూపు, మెదడు ఇంకా ఎదగలేదు. రోడ్డు భద్రత మీద 2020లో వచ్చిన స్టాక్‌హోమ్ ప్రకటనలో నడిచేవాళ్లు, సైకిళ్లు, బండ్లు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు చాలని చాలా దేశాలు ఒప్పుకున్నాయి. స్కూలు ముందు అంతకంటే తక్కువైనా నాకు అభ్యంతరం లేదు.

రెండోది, 30 అని రాసినంత మాత్రాన 30 రాదు. జీబ్రా క్రాసింగ్‌ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపాలి. బండి ఎక్కి దిగాలి కాబట్టి డ్రైవరు తనంతట తనే బ్రేకు మీద కాలేస్తాడు, పిల్ల కూడా నాలుగంగుళాలు పైకి కనిపిస్తుంది. క్రాసింగ్ దగ్గర ఫుట్‌పాత్‌ని రోడ్డు వైపు కొంచెం ముందుకు జరపాలి. అప్పుడు పిల్ల ఆగి ఉన్న బండ్ల వెనకాల కాకుండా వాటికి ముందు నిలబడుతుంది, దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది. మలుపు దగ్గర మూల గుండ్రంగా, విశాలంగా ఉంటే బండ్లు వేగం తగ్గించకుండానే తిరుగుతాయి. ఆ మూలని బిగించాలి, అంటే మలుపు ఇరుకు చేయాలి. వీటికి ఫ్లైఓవర్ కట్టినంత ఖర్చవదు.

గోడమీద_పిల్లి
ఇంజనీర్ గారు "కొంచెం పొడుగు" అంటే ఇంత అని ఇప్పుడర్థమైంది. చదివా సార్, మొత్తం చదివా.

బస్సు_మావయ్య
స్కూలు బస్సు నడుపుతాను. ఎవరూ చెప్పని ముక్క ఒకటి చెప్పనివ్వండి. నా సీట్లో కూర్చుంటే బస్సు ముందు భాగానికి ఆనుకుని నిలబడ్డ చిన్న పిల్ల నాకు కనపడదు. అద్దాలెన్ని పెట్టినా ముందు కొంత, పక్కన కొంత, వెనక మొత్తం చీకటే. పిల్ల బస్సు దిగగానే బస్సు ముందు నుంచే అవతలికి పరిగెత్తుతుంది, ఎందుకంటే అవతల అమ్మ నిలబడి చెయ్యి ఊపుతుంటుంది. పిల్ల దిగే వైపే నిలబడండమ్మా అని ఎంతమందికి చెప్పానో. దిగాక బస్సు వెళ్లిపోయేదాకా ఆగి, రోడ్డు రెండు వైపులా ఖాళీగా కనపడ్డాక దాటాలి. ముందు నుంచి దాటక తప్పదనుకుంటే పది పెద్ద అడుగులు ముందుకెళ్లి, నా మొహం కనపడిందా లేదా చూసుకుని దాటాలి. నా మొహం మీకు కనపడకపోతే మీరు నాకు కనపడనట్టే.

ఇంకోటి, బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు వెళ్లిన దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. మలుపులో బస్సు పక్కన సైకిల్ దూర్చే పిల్లల్ని చూస్తే నాకు చెమటలు పడతాయి. వెనక ఆగమని చెప్పండి.

సందడి_అమ్మ
మావయ్య గారూ, ఈ చక్రాల సంగతి నాకు తెలీదు. దానికి ఈ రాత్రే చెప్తా.

నిద్రపోని_నాన్న
మా కాలనీలో "నడిచే బస్సు" నడుపుతున్నాం. అంటే బస్సేం ఉండదు. ఒక పెద్దాయన ముందు, ఒకావిడ వెనక, మధ్యలో పిల్లలు. ఫలానా మూల దగ్గర ఫలానా టైముకి అని స్టాపులు పెట్టుకున్నాం. ఆస్ట్రేలియాలో 1990లలో డేవిడ్ ఎంగ్విక్ట్ అనే ఆయన దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. వినడానికి ఎంత తేలికో, నడపడం అంత తేలిక కాదు. మొదట్లో అందరూ ఉత్సాహంగా పేర్లిచ్చారు. తర్వాత ఒకరికి జ్వరం, ఒకరికి మీటింగు, వాన పడితే అందరికీ ఏదో ఒక పని. ఒకే తండ్రి రోజూ నడుస్తుంటే వారం తిరిగేసరికి ఆయనే మానేశాడు. ఇప్పుడు వారానికి రెండు రోజులే నడుపుతున్నాం, ఎవరి వంతు ఏ రోజో నెల ముందే రాసుకుంటాం. టైముకి రాని పిల్ల కోసం ఆగం. ఆ రూలు కఠినంగా అనిపిస్తుంది గానీ, అది పెట్టాకే అందరూ టైముకి రావడం మొదలుపెట్టారు.

స్పానర్_శీను
నడక గురించి మీరంతా చెప్పారు, సైకిల్ గురించి నేను చెప్తా. షాపుకి వచ్చే పిల్లల సైకిళ్లలో సగం, పిల్లకి రెండు సైజులు పెద్దవి. "పెరుగుతుంది కదా" అని కొంటారు. సీటు మీద కూర్చుంటే కాలి వేళ్లు నేలకి ఆనకపోతే ఆ పిల్ల ఆగలేదు. ఆగలేని సైకిల్ రోడ్డెక్కకూడదు. రెండోది, బ్రేకు లీవరు పిల్ల వేళ్లకి అందుతుందా? చాలా లీవర్లకి చిన్న స్క్రూ ఉంటుంది, తిప్పితే లోపలికి జరుగుతుంది. ఇది తిప్పి ఇచ్చాక "అంకుల్, ఇప్పుడు బ్రేకు పడుతోంది" అంటారు. అంతకుముందు పట్టే బ్రేకే, వేలికి అందలేదు అంతే. పుస్తకాల బ్యాగు హ్యాండిల్‌కి తగిలించొద్దు, క్యారియర్‌కి కట్టండి. లేసులు లోపలికి తోసెయ్యండి. ప్యాంటు చైను వైపు వదులుగా ఉంటే మడవాలి. బెల్లు లేని సైకిల్ పంపొద్దు.

సందడి_అమ్మ
శీను గారూ, మాది దాని పిన్ని కొన్న సైకిల్. వేళ్లు ఆనతాయో లేదో చూడాలి.

స్పానర్_శీను
ఆనకపోతే సీటు దించండి. దించినా ఆనకపోతే ఆ సైకిల్ ఏడాది ఆగుతుంది, పిల్ల ఆగాల్సిన పని లేదు. చిన్నది ఎవరి దగ్గరైనా అడిగి తీసుకోండి.

లక్కీ_డాడీ
హెల్మెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది పెడితే సగం సమస్య తీరుతుంది. రోడ్డు మార్చండి, మూల బిగించండి అని ఆకాశానికి నిచ్చెనలేస్తున్నారు.

రెండు_చక్రాలు
హెల్మెట్ పెట్టాల్సిందే, కాదనను. సైకిల్ ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలే అవకాశాన్ని హెల్మెట్ 63 నుంచి 88 శాతం దాకా తగ్గిస్తుందని, వైద్య పరిశోధనల్ని కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్షలో తేలింది. అయితే అది పడ్డాక పనిచేసే వస్తువు. పిల్ల పడకుండా అది ఏమీ చేయలేదు. నెదర్లాండ్స్ పిల్లల్లో చాలామంది హెల్మెట్ లేకుండానే తొక్కుతారు. వాళ్లని కాపాడేది విడిగా ఉన్న సైకిల్ దారి.

గీతా_టీచర్
హెల్మెట్ పెట్టుకొస్తారు, నుదురంతా కనిపించేలా వెనక్కి నెట్టి, పట్టీ వదిలేసి. కనుబొమ్మలకి రెండు వేళ్ల పైన ఉండాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. ఆవులిస్తే హెల్మెట్ కొంచెం కిందికి లాగినట్టనిపించాలి. మా పిల్లలతో అందరినీ ఒకేసారి ఆవులించమంటాను, క్లాసంతా నిద్రలోకి పోయినట్టుంటుంది.

జర్మనీ_జానకి
మేముండే దేశంలో రూలు వయసుని బట్టి ఉంటుంది. ఎనిమిదేళ్లు నిండేదాకా పిల్లలు సైకిల్ ఫుట్‌పాత్ మీదే తొక్కాలి, సైకిళ్లకి విడిగా కట్టిన దారి ఉంటే అది వాడొచ్చు. పదేళ్లు నిండేదాకా కావాలంటే ఫుట్‌పాత్ వాడుకోవచ్చు. ఆ చిన్నపిల్లలతో పాటు ఒక పెద్దవాళ్లు కూడా ఫుట్‌పాత్ మీద తొక్కడానికి 2016 డిసెంబరు నుంచి అనుమతి ఉంది. రోడ్డు దాటేటప్పుడు మాత్రం దిగి, నడిపించుకుంటూ దాటాలి. నాలుగో తరగతిలో పోలీసులతో కలిసి స్కూల్లోనే సైకిల్ శిక్షణ ఇస్తారు, చివర్లో పరీక్ష కూడా ఉంటుంది. మా చిన్నవాడు లెక్కల పరీక్షకి కూడా అంత భయపడలేదు. జీబ్రా క్రాసింగ్‌కి ముందు 5 మీటర్లు బండి ఆపకూడదని రూలు. టీచర్ గారు చెప్పిన బ్యాగు కథ జరగకుండా ఉండేది దానితోనే.

గేటు ముందు దింపేవాళ్ల గొడవ మాత్రం ఇక్కడా అదే, ఏమీ తేడా లేదు. కొన్ని స్కూళ్లు కొంచెం దూరంలో "తల్లిదండ్రుల స్టాపు" అని బోర్డు పెట్టాయి. అక్కడ దింపితే మిగిలింది పిల్లలు నడిచి వెళ్తారు.

లక్కీ_డాడీ
ఇప్పుడు చూడండి, శిక్షణ ఇస్తున్నారు కదా! నేను మొదటి నుంచీ అంటున్నది అదే. పిల్లలకి నేర్పాలి. రోడ్డు మారేదాకా పిల్లని ఇంట్లో కూర్చోబెడతామా?

రెండు_చక్రాలు
నేర్పొద్దని ఇక్కడ ఎవరన్నారు? నెదర్లాండ్స్‌లో స్కూలు పిల్లలకి ట్రాఫిక్ పరీక్ష 1932 నుంచీ ఉంది. 1971లో 400 మంది పిల్లలు పోయింది ఆ పరీక్ష ఉండగానే. అది గుర్తుపెట్టుకోండి.

గోడమీద_పిల్లి
ఈ ఒక్కదానికి లక్కీ డాడీ గారి దగ్గర జవాబు ఉంటుందా అని కాఫీ పెట్టుకుని కూర్చున్నా.

లక్కీ_డాడీ
జవాబుంది. రెండూ కావాలి. సరేనా?

గోడమీద_పిల్లి
కాఫీ చల్లారకముందే తేలిపోయింది, ఛ.

టోక్యో_తమ్ముడు
జపాన్‌లో ప్రైమరీ పిల్లలు ఎక్కువగా నడిచే వెళ్తారు. చాలా చోట్ల ఆ వీధి పిల్లలంతా ఒక చోట చేరి వరసగా వెళ్తారు, ముందు ఆరో తరగతి పిల్ల. ఒకటో తరగతి వాళ్లకి పసుపుపచ్చ టోపీ, బ్యాగు మీద పసుపుపచ్చ కవరు. దూరం నుంచే "కొత్త పిల్ల, జాగ్రత్త" అని తెలిసిపోతుంది. మూలల దగ్గర తాతయ్యలు, అమ్మమ్మలు జెండాలు పట్టుకుని నిలబడతారు. దాటేటప్పుడు చెయ్యి పైకెత్తమని నేర్పుతారు, పొట్టి పిల్ల ఎత్తు ఆ చేత్తో ఒక అడుగు పెరుగుతుంది. స్కూలుకి ఏ దారిన వెళ్లాలో ముందే నిర్ణయిస్తారు, పిల్ల ఇష్టమొచ్చిన సందులోంచి వెళ్లదు. ఇంత చేసినా 2021లో చిబా జిల్లాలో తాగి నడిపిన లారీ స్కూలు నుంచి వస్తున్న పిల్లల వరస మీదికి దూసుకెళ్లింది. ఇద్దరు పోయారు. ఆ దారికి ఫుట్‌పాత్ లేదు. తర్వాత దేశమంతా స్కూలు దారుల్ని తనిఖీ చేయించారు.

రోడ్డింజనీర్_72
తమ్ముడు చెప్పింది అసలు పాయింటు. పిల్లలు తప్పేమీ చేయలేదు, వరసలోనే ఉన్నారు. ఎత్తయిన ఫుట్‌పాత్, రెయిలింగ్ ఉండుంటే అన్న ప్రశ్న మిగిలింది.

డబ్బున్న దేశాల కథలే చెప్తున్నామని ఎవరైనా అంటారేమో. టాంజానియాలోని దారెస్సలామ్‌లో అమెండ్ అనే సంస్థ ప్రమాదాలు ఎక్కువున్న స్కూళ్లను ఎంచుకుని, వాటి చుట్టూ ఫుట్‌పాత్‌లు, స్పీడ్ హంప్‌లు, జీబ్రాలు, బోర్డులు పెట్టింది. కొన్ని చోట్ల గేటునే పెద్దరోడ్డు వైపు నుంచి పక్క సందులోకి మార్చింది. అక్కడి పిల్లల్లో గాయాల రేటు 26 శాతం తగ్గింది. గేటు మార్చడమంటే ఏముంది, గోడ కొట్టి తలుపు పెట్టడమే కదా. పక్క సందు ఉన్న ప్రతి స్కూలూ ముందు ఆలోచించాల్సింది ఇదే.

సందడి_అమ్మ
మా స్కూలుకి వెనక గేటు ఉంది! ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. అటువైపు సందులో బండ్లు దాదాపు ఉండవు.

గీతా_టీచర్
ఇంకేం, అడగండి. తాళం తీయడానికి ఒక మనిషిని నిలబెట్టాలి, స్కూలు వాళ్లు చెప్పే మొదటి అభ్యంతరం అదే అయ్యుంటుంది. అరగంటకి ఒక మనిషి చాలని, నడిచొచ్చే పిల్లలకీ సైకిల్ పిల్లలకీ మాత్రమే ఆ గేటు అని రాసివ్వండి. కార్లలో వచ్చేవాళ్లని అటు రానిస్తే వారంలో అదీ ముందు గేటులాగే తయారవుతుంది.

నిద్రపోని_నాన్న
దీనితోపాటు స్కూలు మొదలయ్యే ముందు, వదిలేటప్పుడు కాసేపు ఆ వీధిలోకి బండ్లు రాకుండా ఆపే పద్ధతి కూడా ఉంది. లండన్‌లో ఇలాంటి "స్కూలు వీధులు" 500కి పైగా ఉన్నాయి, పారిస్‌లో 200 దాటాయి. ఆ వీధిలో ఉండేవాళ్ల బండ్లకీ, అంబులెన్సుకీ మినహాయింపు ఉంటుంది.

లక్కీ_డాడీ
అయితే నాలాంటి వాడు ఎక్కడ దింపాలి? పక్క వీధిలోకి గోల మారుతుందంతే.

నిద్రపోని_నాన్న
కొంత మారుతుంది, నిజమే. అయితే ఒకే గేటు ముందు గుమిగూడేది నాలుగు వీధుల్లో పరుచుకుంటుంది. జానకి గారు చెప్పిన స్టాపులు ఉంటే ఇంకా నయం. మీ పిల్లాడు ఆ కాస్త దూరం నడిస్తే మీకు ఆఫీసు టైము కలిసొస్తుంది కూడా, గేటు ముందు ఇరుక్కోరు కదా.

లక్కీ_డాడీ
ఇది మాత్రం ఆలోచించాల్సిందే. రోజూ అక్కడ ఇరుక్కుంటున్నా.

బార్సిలోనా_బుజ్జి
"సైకిల్ బస్సు" గురించి ఎవరూ చెప్పలేదే! మా ఊళ్లో 2021లో మొదలైంది, శుక్రవారం పొద్దున పిల్లలు, పెద్దలు గుంపుగా రోడ్డంతా తీసుకుని తొక్కుతారు. పాటలు కూడా పెడతారు. ఒక్క పిల్ల వెళ్తే హారన్ కొట్టే డ్రైవరు, యాభై మంది వెళ్తుంటే నోరు మూసుకుని వెనకాలే వస్తాడు. సందడి అమ్మ గారి అమ్మాయి క్లాసులో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు తొక్కుతున్నారుగా, వాళ్లతో కలిపి పంపండి.

సందడి_అమ్మ
కలిపి పంపడం నచ్చింది. ఆ అమ్మాయిల అమ్మలతో మాట్లాడతా. రోడ్డు మీద ఎటువైపు వెళ్లాలో కూడా చెప్పండి. వాళ్ల తాతగారు ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా వెళ్లాలంటారు.

రెండు_చక్రాలు
తాతగారు చెప్పింది నడిచేవాళ్లకి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేటప్పుడు ఎదురొచ్చే బండ్ల వైపు మొహం పెట్టి నడవాలి. సైకిల్ మాత్రం బండ్లు వెళ్లే వైపే, వాటితో పాటే వెళ్లాలి. ఎదురు తొక్కితే సందులోంచి బయటికొచ్చే డ్రైవరు అటువైపు చూడడు.

ఆగి ఉన్న కార్లకి ఆనుకుని వెళ్లొద్దని చెప్పండి, డోరు తెరుచుకునేంత దూరం, ఓ మీటరైనా వదలాలి. ఆగి ఉన్న కారులో మనిషి తల కనపడితే డోరు తెరుచుకుంటుందనే అనుకోవాలి. కార్లవాళ్లకి కూడా ఒక చిట్కా ఉంది. డోరుకి దగ్గరగా ఉన్న చెయ్యి కాకుండా రెండో చేత్తో డోరు తీయండి. ఒళ్లు దానంతటదే తిరుగుతుంది, వెనక వచ్చే సైకిల్ కనిపిస్తుంది.

ఆదివారం పొద్దున తనతో పాటు అదే దారిలో తొక్కండి. మొదట మీరు ముందు, తర్వాత తను ముందు, మీరు వెనక. ఏ మూల దగ్గర ఏం చూస్తోందో పైకి చెప్పమనండి. "కారు వస్తోంది, ఆగా, ఆయన నన్ను చూశాడు, వెళ్తున్నా" అని. తను చూడని వస్తువేదో అప్పుడు మీకు తెలుస్తుంది.

బస్సు_మావయ్య
శీతాకాలం పొద్దున్నే మంచులో వెళ్తే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. బ్యాగుకి మెరిసే పట్టీ కుట్టండి. ముదురు రంగు స్వెట్టర్ వేసుకున్న పిల్ల నాకు చాలా దగ్గరికొచ్చాక గానీ కనపడదు, పట్టీ ఉంటే అల్లంత దూరం నుంచే మెరుస్తుంది.

నిద్రపోని_నాన్న
ఒక అనుమానం. మా నడిచే బస్సులో మేం చెయ్యి చూపించి బండ్లు ఆపుతున్నాం. ఆపొచ్చా అసలు?

రోడ్డింజనీర్_72
ఊరికే ఆపకూడదు. బ్రిటన్‌లో గుండ్రటి బోర్డు పట్టుకుని నిలబడేవాళ్లకి ఆ అధికారం 1953లో చట్టం చేసి ఇచ్చారు. మీకు అలాంటి అధికారం ఎవరూ ఇవ్వకపోతే బండ్లని కాదు, పిల్లల్ని ఆపండి. ఖాళీ దొరికాక అందరినీ ఒకేసారి దాటించండి. ఏదైనా జరిగితే "మీరు చెయ్యి చూపించారు కాబట్టే ఆగాను, వెనకవాడు గుద్దాడు" అనేవాళ్లు వస్తారు. ట్రాఫిక్ పోలీసులకి ఉత్తరం రాసి, శిక్షణ ఇస్తారేమో కనుక్కోండి.

సందడి_అమ్మ
రేపు హెడ్మిస్ట్రెస్ గారిని కలుస్తున్నా. వెనక గేటు గురించి అడుగుతా. ఉత్తిచేతులతో వెళ్లడం బాగుండదేమో, ఏం తీసుకెళ్లమంటారు?

గీతా_టీచర్
ఒంటరిగా వెళ్లకండి, ఇంకో ఇద్దరు ముగ్గురు అమ్మల్ని తీసుకెళ్లండి. ఫిర్యాదులా కాకుండా లెక్కలతో వెళ్లండి. బెల్లుకి ముందు ఇరవై నిమిషాలు గేటు ఎదురుగా నిలబడి కాగితం మీద గీతలు పెట్టుకోండి. జీబ్రా మీద ఎన్ని బండ్లు ఆగాయి, రివర్స్ ఎన్ని తీశాయి, బండ్ల మధ్యలోంచి ఎంతమంది పిల్లలు దాటారు. ఫొటోలు, వీడియోలు వద్దు, వేరేవాళ్ల పిల్లల మొహాలు పడతాయి, దాని మీద కొత్త గొడవ మొదలవుతుంది.

సందడి_అమ్మ
అయితే కలవడం ఎల్లుండికి మార్చుకుని, రేపు పొద్దున లెక్క రాస్తా. మా ఆయన ఆఫీసుకెళ్తూ మా చిన్నదాన్ని గేటు ముందే దింపుతారు, నన్ను చూసి ఏమంటారో.

గోడమీద_పిల్లి
ఆయన బండికి కూడా ఒక గీత పెట్టండి మరి.

సందడి_అమ్మ
రోజూ జీబ్రా మీదే ఆపుతారు. మొదటి గీత ఆయనదే.

లక్కీ_డాడీ
రెండోది నాలాంటి వాడిది. కానివ్వండి. వెనక గేటు తీస్తామన్నారో లేదో ఇక్కడ రాయండి, మా స్కూల్లో కూడా ఒకటుంది.